డిగ్రీ డ్రాపౌట్ల మీద ఎం.ఎడ్ ప్రాజెక్టు: తిరుపతిలో ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తిరుపతిలో ఎం.ఎడ్ రెండో ఏడాది చదువుతున్నారు. ప్రాజెక్టుకు 'ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఉన్నత విద్యలో డ్రాపౌట్ల సమస్య, పరిష్కారాలు' అని టైటిల్ అనుకున్నారు. ఐదొందల మందికి గూగుల్ ఫారం పంపి, చివర్లో ఒక మొబైల్ యాప్ చూపించాలని ప్లాన్. గైడ్ 'బాగా తగ్గించమ్మా' అన్నారు గానీ ఏం తగ్గించాలో చెప్పలేదు. చేతిలో ఒక్క సెమిస్టరే ఉంది. థియరీ ఏది పెట్టాలి, లెక్కలు వేసే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా అని కూడా అడిగారు.

నేను చాలా ఏళ్లుగా ఇలాంటి ప్రాజెక్టులకు గైడ్‌గానూ, వైవాల్లో ఎగ్జామినర్‌గానూ కూర్చుంటున్నాను. మీ గైడ్ మాట నిజం. ఏం తగ్గించాలన్నది నేను చెబుతాను.

డ్రాపౌట్లు అనేది ఒక విషయం. దాని మీద పుస్తకం రాయొచ్చు, సెమినార్ పెట్టొచ్చు. కానీ ప్రాజెక్టుకు కావాల్సింది సమస్య. సమస్య అన్నాక దానికి ఒక సొంతదారు ఉండాలి. 'ఇది మార్చండి' అని మీరు కాగితం తీసుకుపోతే, సంతకం పెట్టి మార్చగలిగే మనిషి అన్నమాట. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమవుతోందని మీరు నూరు పేజీలు రాసినా, దాన్ని మార్చేవాళ్లు సచివాలయంలో ఉంటారు, మీ వైవాకు రారు. అదే ఒక డిగ్రీ కాలేజీ టైంటేబుల్ అనుకోండి, దాన్ని మార్చే మనిషి ప్రిన్సిపాల్ గది పక్క గదిలోనే కూర్చుని ఉంటారు. సొంతదారు ఎవరో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆ సమస్యను వదిలేయండి, ఎంత గొప్పదైనా సరే. టైటిల్లో 'పరిష్కారాలు' అన్న మాట చూడగానే ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న 'ఎవరు చేయాలమ్మా ఇవన్నీ?' అనే. 'ప్రభుత్వం, తల్లిదండ్రులు, సమాజం' అని జవాబిచ్చిన వాళ్లను చాలామందిని చూశాను. ఆ జవాబు తర్వాత గదిలో ఎవరికీ ఆసక్తి మిగలదు.

తర్వాత 'ఉమ్మడి చిత్తూరు జిల్లా' అన్న మాట. దీన్ని వెంటనే తీసేయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు పాత చిత్తూరు మూడు ముక్కలైంది. మదనపల్లె, పీలేరు వైపు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. తిరుపతి జిల్లాలోకి నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు వచ్చి కలిశాయి. కాబట్టి 2021 నాటి చిత్తూరు జిల్లా అంకెను, 2023 నాటి చిత్తూరు అంకెను పక్కపక్కన పెట్టి 'తగ్గింది', 'పెరిగింది' అంటే అర్థం లేదు, రెండూ ఒకే నేల కాదు. జిల్లా స్థాయి పోలిక చేయాలంటే కాలేజీల వారీగా అంకెలు తెచ్చి మళ్లీ కూడుకోవాలి. అది ఒక సెమిస్టర్‌లో అయ్యే పని కాదు, మీ ప్రాజెక్టుకు అక్కర్లేదు కూడా.

మొదటి అధ్యాయంలో అందరూ ఎక్కించే జాతీయ అంకెలు ఒక పేరాకు మించకుండా చూసుకోండి. ఆయిషే (ఉన్నత విద్యపై అఖిల భారత సర్వే) ప్రకారం 2021-22లో ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తి 28.4 శాతం, దాన్ని 2035కల్లా 50 శాతానికి తేవాలని 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం. బాగుంది. కానీ ఆ అంకె చేరినవాళ్లను లెక్కపెడుతుంది, నిలిచినవాళ్లను కాదు. ఆగస్టులో పేరు రాయించుకుని నవంబరు నుంచి కనపడని పిల్లవాడు కూడా ఆ 28.4లో ఉండొచ్చు. మీ ప్రాజెక్టు మొదలయ్యేది ఆ పిల్లవాడి దగ్గర. ఆ మాట అక్కడే రాస్తే మీ మొదటి అధ్యాయానికి పని తీరిపోతుంది.

ఇంతకీ డ్రాపౌట్ అంటే ఎవరు? ఇది చాలామంది దాటేసే చోటు, అందుకే కొంచెం సేపు ఆగుతాను. ఏ కాలేజీలోనైనా ఆఫీసు సూపరింటెండెంట్‌ను అడగండి, 'టీసీ తీసుకున్న వాళ్లు' అని ఒక లెక్క చెబుతారు. అది చాలా చిన్న అంకె. మానేసిన పిల్లలు చాలామంది టీసీ తీసుకోరు. తీసుకోవాలంటే బాకీ ఫీజు కట్టాలి, లేదా ఆ కాగితంతో వాళ్లకు ఇప్పుడు పనేమీ ఉండదు. రెండో రకం, రోల్‌లో పేరుండి క్లాసుకు రానివాళ్లు. మూడో రకం మన ఊళ్లో ఎక్కువ: క్లాసుకు రారు, పరీక్షకు మాత్రం వస్తారు. తిరుపతి లాంటి చోట హోటళ్లు, లాడ్జీలు, ట్రావెల్స్, రేణిగుంట వైపు కంపెనీలు, అటు శ్రీసిటీ ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి రేపటి నుంచి పని దొరుకుతుంది. వాడు చదువు మానలేదు, కాలేజీ మానాడు. వాణ్ని డ్రాపౌట్ అంటారా అనరా? ఏదైనా అనండి, కానీ ముందే నిర్వచనం రాసి, చివరిదాకా దానికే కట్టుబడండి. 'వరుసగా నాలుగు వారాలు ఒక్క క్లాసుకూ రానివాళ్లు' అన్నా చాలు. రిజిస్టర్ చూసి ఎవరైనా లెక్కపెట్టగలిగేలా ఉండాలి, అంతే.

రిజిస్టర్ అన్నాను కాబట్టి ఇంకో మాట. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు లెక్క ఉన్నచోట రిజిస్టర్‌లో ఉన్న హాజరు, గదిలో ఉన్న హాజరు ఒకటే అయి తీరాలని లేదు. దీని మీద ఎవరినీ నిలదీయకండి, అది మీ పని కాదు. రెండు మూడు రోజులు వేర్వేరు గంటల్లో వెనక బెంచీలో కూర్చుని తలలు లెక్కపెట్టుకోండి, లెక్చరర్ అనుమతితోనే. ఆ లెక్కను రిజిస్టర్ పక్కన పెట్టుకుంటే ఏ రిజిస్టర్‌ను ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది.

సొంతదారు ఉన్న చిన్న సమస్య ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూపిస్తాను. నా దగ్గర ప్రాజెక్టు చేసిన ఒకమ్మాయి మీలాగే 'విద్యార్థుల్లో ఆసక్తి లోపించడం' అని మొదలుపెట్టింది. కాలేజీ పేరు వద్దు. సెకండియర్ సైన్స్ సెక్షన్‌లో చివరి గంట ల్యాబ్‌కు సగం మంది ఉండరు. లెక్చరర్ల మాట 'ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు'. ఆ అమ్మాయిని నేను అడిగింది ఒకటే: వెళ్లిపోయేవాళ్ల పేర్ల పక్కన ఊరి పేరు రాసుకు రమ్మన్నాను. రాసింది. నారాయణవనం, పిచ్చాటూరు, నాగలాపురం. చంద్రగిరి, రేణిగుంట పిల్లలు మాత్రం చివరిదాకా ఉంటున్నారు. తర్వాత తనే బస్టాండుకు పోయి నిలబడింది. ఆ పిల్లల దగ్గరున్నది పల్లెవెలుగు పాసు. ల్యాబ్ అయ్యేదాకా ఉంటే వాళ్ల ఊరి బస్సు పోతుంది, తర్వాతిది చీకటి పడ్డాక. ఆడపిల్లల ఇళ్లలో ఆ బస్సుకు ఒప్పుకోరు. మగపిల్లలు ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ కొనాలి. ఇందులో ఆసక్తి ఎక్కడుంది, ఓపిక ఎక్కడుంది?

ఆ అమ్మాయి చివరికి చేసిన పరిష్కారం ల్యాబ్ బ్యాచ్‌లను ఊళ్ల వారీగా విడగొట్టి, దూరం పిల్లల బ్యాచ్‌ను పొద్దున గంటల్లోకి తేవడం. టైంటేబుల్ కమిటీలో ఒక మీటింగ్. పైసా ఖర్చు లేదు. కొలవడం కూడా సులువు: మార్పుకు ముందు కొన్ని వారాల ల్యాబ్ హాజరు, తర్వాత అన్నే వారాల హాజరు. వైవాలో ఎగ్జామినర్ ఒక ముప్పావు గంట ఆమెతో బస్సుల గురించే మాట్లాడారు. డ్రాపౌట్ల మీద అంతకన్నా మంచి ప్రాజెక్టు నేను ఎక్కువ చూడలేదు. ఆ టైటిల్లో 'డ్రాపౌట్' అన్న మాటే లేదు.

మీకూ ఇదే చేయమనడం లేదు. మీరు చూడదగ్గ ఇంకో చోటు మొదటి సెమిస్టర్. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయింది. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లవాడు మొదటి నెలలోనే ఇంగ్లీషులో ఉన్న పాఠాలకు ఎదురుపడతాడు. మొదటి సెమ్ ఫలితాలు వచ్చేసరికి నాలుగు సబ్జెక్టులు మిగులుతాయి. సప్లీ రాసుకోవచ్చులే అనుకుంటాడు, రెండో సెమ్‌లో ఇంకో మూడు. ఆ తర్వాతే హోటల్లో పని. అంటే మానేసిన రోజు కన్నా చాలా ముందే కథ మొదలవుతోంది. మీరు పట్టుకోగలిగిన చోటు మొదటి ఇంటర్నల్ పరీక్ష. ఇంటర్నల్స్ మార్కులు ఎప్పుడు వస్తున్నాయి, వచ్చాక వాటిని ఎవరు చూస్తున్నారు, చూసి ఏం చేస్తున్నారు? చాలా కాలేజీల్లో ప్రతి లెక్చరర్‌కూ ఇంతమంది అని మెంటీలు, అంటే ఆయన బాగోగులు చూడాల్సిన పిల్లలు ఉంటారు, మెంటర్ డైరీ ఉంటుంది, కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్లకు చూపించే ఫైల్ కూడా ఉంటుంది. ఆ ఫైల్‌ను నిజంగా పనిచేయించడం ఒక మంచి ప్రాజెక్టు: మొదటి ఇంటర్నల్‌లో రెండుకు మించి ఫెయిలైన పిల్లలను వారంలోగా మెంటర్ పిలిచి మాట్లాడాలి, ఏం మాట్లాడారో రెండు లైన్లు రాయాలి. సొంతదారు ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసుకునే విభాగం) కోఆర్డినేటర్. ఒక కాలేజీ, ఒక బ్యాచ్, ఒక సెమిస్టర్. సరిపోతుంది.

థియరీ సంగతి. మీరు అందరిలాగే టింటో మోడల్ పెట్టబోతారని నాకు తెలుసు. 1975లో ఆయన చెప్పింది, విద్యార్థి కాలేజీ చదువుతోనూ అక్కడి మనుషులతోనూ ఎంత కలిసిపోతే అంత నిలుస్తాడని. తప్పు కాదు. కానీ ఆ ఊహలో ఉన్నది హాస్టల్లో ఉండి, ఇల్లు వదిలి వచ్చిన అమెరికా విద్యార్థి. మన డే స్కాలర్ పొద్దున్నే ఊళ్లో పాలు పోసి, బస్సెక్కి వచ్చి, సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. వాడికి బాగా నప్పేది 1985లో బీన్, మెట్జ్‌నర్ ఇద్దరూ కలిసి ఇచ్చిన మోడల్. అది ఇంటి నుంచి వచ్చి పోయే విద్యార్థుల కోసమే కట్టింది. పని గంటలు, కుటుంబ బాధ్యతలు, డబ్బు లాంటి బయటి కారణాలు కాలేజీ లోపలి స్నేహాల కన్నా ఎక్కువ బరువు తూగుతాయని దాని సారాంశం. రెండూ చదివి, రెండోది ఎందుకు ఎంచుకున్నారో ఒక పేజీ రాయండి. వైవాలో ఆ ఒక్క పేజీ మిమ్మల్ని కాపాడుతుంది.

ఇప్పుడు గూగుల్ ఫారం. లింకును మీరు ఎక్కడ పెడతారు? క్లాసు వాట్సాప్ గ్రూపులో. ఆ గ్రూపులో ఉండి, ఫారం తెరిచి, ఓపిగ్గా నింపేది ఎవరు? కాలేజీకి వచ్చేవాళ్లు. ఐదొందల మంది నింపినా వాళ్లు మానేయని ఐదొందల మంది. మానేసినవాళ్ల గురించి నిలిచినవాళ్లను అడగడం అవుతుంది అది. దానికి బదులు మానేసిన పదిహేను, ఇరవై మందితో మాట్లాడండి, ఫోన్లోనో, ఇంటికి పోయో. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్న నంబరు చాలాసార్లు నాన్నది అయి ఉంటుంది, కాబట్టి సాయంత్రం ఏడు దాటాక చేయండి. 'కాలేజీ నుంచి' అనగానే ఫీజు అడగడానికే అనుకుంటారు, అందుకని మీరెవరో, ఫీజుతో మీకు సంబంధం లేదనీ మొదటి వాక్యంలోనే చెప్పేయండి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇళ్లలో తమిళంలో మాట్లాడేవాళ్లు తగలొచ్చు. మీకు రాకపోతే వచ్చిన స్నేహితురాలిని పక్కన పెట్టుకోండి.

ఏం అడుగుతారన్నది ఇంకా ముఖ్యం. 'మీరు విద్యను నిలిపివేయడానికి గల సామాజిక ఆర్థిక కారణాలేమిటి?' అని ప్రశ్నావళిలో రాసుకుంటే, జవాబు 'ఇంట్లో పరిస్థితి బాలేదు మేడం' అని వస్తుంది. అందరి దగ్గరా అదే వస్తుంది. అబద్ధం కాదు, కానీ దానితో మీరు ఏమీ చేయలేరు. కారణం అడగకండి, జరిగింది అడగండి. 'నువ్వు ఆఖరున కాలేజీకి పోయింది ఎప్పుడబ్బా? ఆ రోజు ఏం క్లాసు? ఆ మరుసటి రోజు ఎందుకు పోలేదు? ఆ వారంలో కాలేజీ నుంచి ఎవరైనా ఫోన్ చేశారా?' ఇలా రోజుల వెంట నడిపిస్తే కథ దానంతటదే వస్తుంది: హాల్‌టికెట్ ఇవ్వలేదు, హాజరు తగ్గినందుకు కండోనేషన్ ఫీజు కట్టమన్నారు, డబ్బు తెస్తానని పోయినవాడు మళ్లీ రాలేదు. ఇందులో కాలేజీ మార్చగలిగింది ఏదో మీకు కళ్ల ముందే కనపడుతుంది. ఇరవై మంది కథలు ఇలా రాసుకుంటే, అందులో ఎన్ని ఒకే మలుపు దగ్గర తిరిగాయో చూడండి. మీ సమస్య ఆ మలుపే.

ఒక జాగ్రత్త. డిగ్రీ ఫస్టియర్ పిల్లల్లో పదిహేడేళ్ల వాళ్లు బోలెడంత మంది ఉంటారు. పద్దెనిమిది నిండకపోతే తల్లో తండ్రో ఒప్పుకున్నట్టు సంతకం ఉండాలి, పిల్లల ఒప్పుదల కూడా ఉండాలి. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా పద్దెనిమిది నిండనివాళ్లను పిల్లలుగానే చూస్తుంది. పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, ఆధార్ మీ ల్యాప్‌టాప్‌లో ఉండకూడదు. కాలేజీ ఆఫీసులోనే పేర్లు తీసేసి వరుస నంబర్లు వేసి ఇమ్మని అడగండి. అనుమతి ఉత్తరం మీ గైడ్ సంతకంతో, మీ హెచ్‌ఓడీ ద్వారా ప్రిన్సిపాల్‌కు పోవాలి. ఉత్తరంలో 'డ్రాపౌట్లపై అధ్యయనం' అని రాస్తే ఏ ప్రిన్సిపాలూ సంతోషించరు. 'మొదటి సెమిస్టర్ విద్యార్థులకు మెంటరింగ్ మెరుగుపరచడంపై' అని రాయండి. అది నిజం కూడా. ఫైనల్ రిపోర్టు ముందు మీకే చూపిస్తామని ఒక లైన్ కలపండి. ఆపైన ఆ ఉత్తరం జూనియర్ అసిస్టెంట్ టేబుల్ మీద పడుకోకుండా రెండు రోజులకోసారి పోయి పలకరించి రండి. అనుమతికి మీరు అనుకున్న దానికన్నా రెట్టింపు టైం పెట్టుకోండి.

క్యాలెండర్ వేసుకునేటప్పుడు తిరుపతిలో ఉన్నామని మర్చిపోకండి. బ్రహ్మోత్సవాల వారాల్లో ఊళ్లో హాజరు మామూలుగా ఉండదు. కొందరు సేవకు పోతారు, కొందరికి చేతినిండా పని దొరుకుతుంది, బస్సులు కొండకు మళ్లుతాయి. పైగా బ్రహ్మోత్సవాలు పంచాంగం ప్రకారం వస్తాయి కాబట్టి ఒక ఏడాది సెప్టెంబరులో, ఇంకో ఏడాది అక్టోబరులో పడతాయి. 'పోయిన ఏడాది సెప్టెంబరు మూడో వారం, ఈ ఏడాది సెప్టెంబరు మూడో వారం' అని పోలిస్తే మీరు కొలిచింది మెంటరింగ్‌ను కాదు, గరుడ సేవను. ఆ వారాలను రెండు ఏళ్లలోనూ తీసేసి పోల్చండి. అధిక మాసం వచ్చిన ఏడాది రెండు బ్రహ్మోత్సవాలు కూడా ఉంటాయి, అది వేరే చూసుకోవాలి. సంక్రాంతి సెలవుల ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు కూడా అంతే.

పోలిక విషయంలో పెద్ద మాటలు వద్దు. ఒకే కాలేజీలో రెండు సెక్షన్లు ఉంటే ఒకదానిలో మీ పద్ధతి, ఇంకోదానిలో మామూలు పద్ధతి నడిపించి చూడొచ్చు. లెక్చరర్లు వేరైతే తేడా వాళ్ల వల్ల కూడా రావచ్చని మీరే ముందుగా రాసేయండి. 'మా జోక్యం వల్ల డ్రాపౌట్లు తగ్గాయి' అనకండి, 'ఈ సెక్షన్‌లో ఈ వారాల్లో హాజరు ఇలా ఉంది' అనండి. మీరే పరిమితి చెబితే ఎగ్జామినర్ ముందుకు పోతారు. మీరు దాచిపెట్టి ఆయన పట్టుకుంటే మిగిలిన టైమంతా అక్కడే గడుస్తుంది.

యాప్ వద్దు. కోపం తెచ్చుకోకండి. మీరు డిగ్రీ పట్టా తీసుకుని పోయాక ఆ యాప్‌లో హాజరు ఎవరు ఎక్కిస్తారు? లెక్చరర్లు ఇప్పటికే రకరకాల పోర్టళ్లలో హాజరు, మార్కులు నింపి విసిగిపోయి ఉన్నారు. ఇంకోటి అంటే నవ్వి ఊరుకుంటారు. మెంటర్ డైరీలోనే ఒక పేజీ ఫార్మాట్ మార్చి ఇవ్వండి, అది నిలుస్తుంది. యాప్ కట్టాలని నిజంగా మనసుంటే ఎంసీఏలో చేరండి, ఎం.ఎడ్‌లో కాదు.

రిపోర్టు ఎలాగూ ఫార్మాట్ ప్రకారం ఐదు అధ్యాయాలు రాస్తారు. దానితో పాటు కాలేజీ కోసం రెండు పేజీలు విడిగా, తెలుగులో రాయండి: మేం చూసింది ఇది, వచ్చే జూన్‌లో మీరు మార్చగలిగింది ఇది, దానికి ఎవరు ఎంత టైం పెట్టాలి. ఐదు అధ్యాయాలు లైబ్రరీ బీరువాలోకి పోతాయి, ఆ రెండు పేజీలు స్టాఫ్ మీటింగ్‌లో చదువుతారు. వైవాకు పోయేటప్పుడు ప్రిన్సిపాల్ దాని మీద ఏమన్నారో కూడా తెలుసుకుని పోండి. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, ఎందుకు ఒప్పుకోలేదో చెప్పగలిగితే అదీ ఫలితమే.

ఎస్‌పీఎస్‌ఎస్ అవసరం లేదు. అరవై మంది హాజరుకు ఎక్సెల్ చాలు. శాతాలు, వారాల వారీగా ఒక గ్రాఫ్, రెండు సెక్షన్ల మధ్య తేడా యాదృచ్ఛికమా కాదా చూడ్డానికి ఒక కై స్క్వేర్ టెస్టు. ఆ టైంలో ఇంకో ఐదు ఇళ్లకు పోయి మాట్లాడి రండి. సినాప్సిస్ మార్చాక ఇక్కడే పెట్టండి, టైటిల్ చూసి చెబుతాను.